శంకర్ గీసిన నత్త

1949లో కార్టూనిస్టు శంకర్ ఒక కార్టూన్ గీశారు. రాజ్యాంగం అనే నత్త మీద అంబేడ్కర్ కూర్చున్నారు. ఆయన చేతిలో కొరడా. వెనక నెహ్రూ, ఆయన చేతిలోనూ కొరడానే. చుట్టూ జనం చూస్తున్నారు. రాజ్యాంగ రచన నత్తనడక నడుస్తోందన్నది అప్పటి విసురు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో ఉన్న ఆ బొమ్మ మీద 2012 మేలో పార్లమెంటు అట్టుడికింది. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ పుస్తకం సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. పుణెలో పల్షీకర్ కార్యాలయం మీద దాడి జరిగింది.

దాడి నేరమే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ బొమ్మ చూసి నొచ్చుకున్న దళిత విద్యార్థిని కసురుకునే హక్కు మనకెక్కడిది? తరతరాలుగా దెబ్బలు తిన్నవాళ్ల కంటికి ముందు కనిపించేది నత్త కాదు, అంబేడ్కర్ వెనక లేచిన కొరడా. ఆ బొమ్మను పుస్తకంలోనే ఉంచి, ఆ నొప్పిని కూడా పాఠంగా చెప్పి ఉండాల్సింది.

కార్టూన్ల మాట అలా ఉంచితే, మన సినిమాలు నత్తినీ, నల్లరంగునీ, లావునీ ఎన్నేళ్లు నవ్వులాటకు వాడుకున్నాయో! ఆ నవ్వు తగ్గితే సంతోషమే. పదవిలో ఉన్నవాళ్ల మీద నవ్వు మాత్రం తగ్గకూడదు. ఆన్‌లైన్‌లో నొప్పించే రాతలు రాస్తే అరెస్టు చేయడానికి వీలిచ్చిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా దాని కింద ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో అదే కోర్టు విస్తుపోయింది.

ఈ హాస్య సంచికలోని కార్టూన్లలో ఏదైనా మిమ్మల్ని నొప్పిస్తే ఉత్తరం రాయండి. వచ్చే నెల ఆ కార్టూన్‌నూ, మీ ఉత్తరాన్నీ పక్కపక్కనే అచ్చు వేస్తాం.