పండుగ మర్నాటి రొట్టె

ఈ సంచికలో దేశభవిష్యత్తు గురించి, నిరుద్యోగం గురించి, కవిత్వం గురించి పెద్ద పెద్ద వ్యాసాలు ఉంటాయని తెలుసు. వాటి మధ్య మిగిలిపోయిన కోడికూర గురించి రాస్తానంటే సంపాదకవర్గంలోని మిత్రుడొకడు ముందు పకపకా నవ్వాడు. "సరే, రాయరా! పేజీ నిండాలి కదా" అని తర్వాత ఒప్పుకున్నాడు. పేజీ నింపడానికి మాత్రం రాయటం లేదని మొదటే మనవి చేసుకుంటున్నాను. గురువులు, పూర్వ విద్యార్థులు, తోటి మిత్రులు కాస్త ఓపికపట్టి చదవాలని నా కోరిక.

మాది పెదబయలు. 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లా అని చెప్పేవాళ్ళం, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. పాడేరు దాటి ఒడిశా సరిహద్దు వైపు ఇంకా పైకి పోవాలి. మాకు కొంచెం పల్లం, కొంచెం మెట్ట. వరి, చోళ్ళు, సామలు, రాజ్‌మా, కాస్త పసుపు పండిస్తాం. పెరట్లో కోళ్ళుంటాయి. పట్నంలో కోడి అంటే కూర. మా ఇంట్లో కోడి అంటే బ్యాంకు. నా ఇంటర్ పరీక్ష ఫీజు కట్టిన వారం మా గూట్లో రెండు పెట్టలు తగ్గాయి. అందుకే మేం కోడిని కోయడమంటే మాటలు కాదు. పండగ రావాలి, లేదా చుట్టం రావాలి.

కనుమ నాడు మినుము తినాలంటారు. మా ఇంట్లో ఆ రోజు మినుములతో పాటు పుంజు కూడా పోతుంది. మొన్నటి సంక్రాంతికి అత్తా, మామా, చిన్నాన్న పిల్లలూ కలిసి పదకొండు మందిమి. పుంజు ఒకటే! అయినా తెల్లారేసరికి ఉట్టి మీద ఒక గిన్నెడు కూర ఉంది. ఏటేటా ఉంటుంది. ఆ కూరతోనే మా అమ్మ ముక్కనుమ నాడు రొట్టె చేస్తుంది.

ఆ రొట్టెకు మా ఇంట్లో పెద్ద పేరేమీ లేదు, కూరరొట్టె అంటాం. ముందు కూరను పొయ్యి మీద పెట్టి పులుసు ఇగిరిపోయేదాకా బాగా మరగనిస్తుంది. ఎముకలు ఏరేసి, ముక్కల్ని పీచుగా చీల్చి, ఉల్లికాడలూ పచ్చిమిరపకాయలూ కలుపుతుంది. ఇంకో పక్క ఉప్పు వేసిన నీళ్ళు మరిగించి, అందులో చోడిపిండి, గుప్పెడు బియ్యప్పిండి పోసి తెడ్డుతో కలిపి, చెయ్యి పట్టేంత వేడిలో మర్దిస్తుంది. అడ్డాకు మీద ఆ పిండిని వేలు మందాన తట్టి, మధ్యలో కూర పరిచి, పైన ఇంకో పొర కప్పి అంచులు నొక్కేస్తుంది. ఆకులు మడిచి అడ్డనారతో కట్టి, నిప్పుల మీది పెంకులో పెడుతుంది. పైన మూకుడు బోర్లించి దాని మీద కూడా నిప్పులు పోస్తుంది. అరగంటలో ఆకు నల్లగా మాడుతుంది, రొట్టె అంచు కరకరలాడుతుంది. ఆ వాసన వస్తే పక్కింటి పిల్లలు కూడా మా అరుగు మీదే ఉంటారు!

బి.యస్సీ.లో చేరాక ఈ రొట్టెలో నాకు నా పాఠాలన్నీ కనిపించడం మొదలెట్టాయి. గోధుమపిండిలో గ్లూటెన్ ఉంటుంది కనుక సాగుతుంది. చోడిపిండిలో అది లేదు, తడితే పగులుతుంది. మరుగునీళ్ళు పోస్తే పిండిపదార్థం ఉబ్బి జిగురవుతుంది, ఆ జిగురే పిండిని పట్టి ఉంచుతుంది. మిగతా ఆసరా ఆకుది. నాటుపుంజు కండల మధ్య పొరల్లో కొలాజెన్ ఎక్కువ. అది నిదానంగా ఉడికి జెలటిన్ అవుతుంది, చలికి గడ్డకడుతుంది. ముక్కనుమ పొద్దున్న కూర గరిటెకు కదలకపోవడానికి కారణం అదే. అంచు ఎర్రబడి కమ్మటి వాసన రావడానికి కారణమైన చర్యను 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వివరించాడు. మా అమ్మ ఆయన పేరు వినలేదు. ఆయనా మా అమ్మ రొట్టె తినలేదు. ఇద్దరిలో ఎవరికి నష్టమో నేను చెప్పక్కర్లేదు.

ఇది మా ఒక్క ఇంటి వింత కూడా కాదు. ఒడిశాలోని మయూర్‌భంజ్‌లోనూ, జార్ఖండ్‌లోనూ సంతాలులు బియ్యప్పిండిలో మాంసం కలిపి సాలాకుల్లో చుట్టి కాలుస్తారు, దాన్ని జిల్ పిఠా అంటారు. ఇంగ్లీషువాళ్ళు క్రిస్మస్‌కి వండిన టర్కీకోడి మిగిలితే మర్నాడు పిండి పొరల మధ్య పెట్టి కాల్చి 'పై' అని పిలుచుకుంటారు. వాళ్ళది పై, మాది చద్దికూరా? ఇదెక్కడి న్యాయం!

నా అసలు బాధ ఇక్కడ మొదలవుతుంది. హాస్టల్లో చేరిన మొదటి ఏడు పండగ సెలవుల తర్వాత అమ్మ నాలుగు రొట్టెలు కట్టి ఇచ్చింది. గదిలో ఆకు విప్పగానే ఒకడు "ఏటిరా అది, మాడిపోయిన ఆకులా?" అన్నాడు. ఇంకొకడు "నిన్నటి కూరట!" అని ముక్కు మూసుకున్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ఆ నాలుగు రొట్టెలూ తీసుకెళ్ళి హాస్టల్ వెనక కుండీలో పడేశాను. వాళ్ళ మీద నాకు కోపం లేదు, ఊరికే అన్నారు. పడేసింది నేను.

ఆ తర్వాత సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మొదటిసారి అమ్మ వడ్డన చూశాను. అన్నేళ్ళుగా తిన్నాను గాని చూడలేదు. నాన్నకీ మామకీ తొడలు, పిల్లలకి మెత్తటి ముక్కలు, నాకు కందనకాయ. అందరం లేచాక అమ్మ పులుసు పోసుకుని, మెడ ముక్క ఒకటి వేసుకుని తినేసింది. ఆమె వాటా గిన్నెలో అలాగే ఉంది. "అమ్మా, ఎప్పుడూ కూర ఎలా మిగులుతాది?" అని అడిగాను. "మిగలడమేటిరా నాయినా? మిగల్చకపోతే రేపు నీకు రొట్టి ఏటితో చేస్తాను?" అంది.

నేను కుండీలో పడేసింది నిన్నటి కూర కాదు, మా అమ్మ తినని అన్నం.

ఈ మాట చెప్పి కళ్ళు తుడుచుకుని ఊరుకుంటే సరిపోదు. త్యాగమని తల్లుల్ని పొగడడం మనకు అలవాటు. పొగిడినంత మాత్రాన వాళ్ళ కంచంలోకి ముక్క రాదు. నా అభిప్రాయం ఇది: పండగనాడు వడ్డించేటప్పుడే ఇంటి ఆడవాళ్ళకు సమాన వాటా పడాలి. ఆ తర్వాత కూడా మిగిలితే రొట్టె చేద్దాం, పిండి కలిపేది మగపిల్లలం కూడా కావాలి. ఈ ఏడు ముక్కనుమ నాడు పిండి నేనే తట్టాను. రెండు రొట్టెలు పగిలాయి, మూడోది నిలిచింది.

చద్దిని గుడ్డిగా మెచ్చుకోవడమూ నాకు ఇష్టం లేదు. కోడికూరను పెద్ద గిన్నెలో మూతపెట్టి రాత్రంతా వదిలేస్తే గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. ఉడికినా చావని క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ బీజాలు ఆ వెచ్చదనంలోనే మేలుకుని పెరుగుతాయి. మా అమ్మ కూరను వెడల్పు పళ్ళెంలో పరిచి ఆరబెట్టి, తర్వాత ఉట్టికెక్కిస్తుంది. మా కొండల్లో జనవరి రాత్రి చలి 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలే, అదే మాకు ఫ్రిజ్. విశాఖలో ఆ చలి లేదు. ఇక్కడివాళ్ళు రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లో పెట్టాలి. మళ్ళీ తినేముందు లోపలి దాకా 74 డిగ్రీల వేడి తగలాలి, అంటే పొగలు కక్కాలి. వాసన తేడాగా ఉంటే పారెయ్యాలి, అందులో సిగ్గేమీ లేదు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వేసిన లెక్క ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల తిండిని పారేసింది. అందులో నావి నాలుగు రొట్టెలు లేవు, అవి అంతకు తర్వాతివి. అయినా ఆ లెక్క చదివినప్పుడల్లా నాకు హాస్టల్ వెనక కుండీయే గుర్తొస్తుంది.

చివరగా విద్యార్థి సంఘం వారికి ఒక విన్నపం. వార్షికోత్సవం నాడు క్యాంటీన్‌లో కర్రీపఫ్‌లు పెడతారు. వాటి పక్కన ఈసారి అడ్డాకులో కాల్చిన చోడి కూరరొట్టె కూడా పెట్టించండి. అరకు వెళ్ళొచ్చి బొంగులో చికెన్ గురించి కథలు చెప్పే మిత్రులు, మన్యంలో మర్నాడు ఏం తింటారో కూడా తెలుసుకుంటారు. పిండి తట్టడానికి నేను వస్తాను. నవ్విన మిత్రులిద్దరూ కూడా వస్తామన్నారు. వాళ్ళకి మొన్న తినిపించాను లెండి!