భోగిమంట తప్పిన డబ్బా

భోగి పండక్కి వారం రోజుల ముందు మా యింట్లో అటక దులిపే కార్యక్రమం యేటేటా జరుగుతుంది. మా ఆవిడ కింద నిలబడి ఆజ్ఞలిస్తుంది. నేను నిచ్చెన మీద నిలబడి దుమ్ము మింగుతాను. విరిగిన పీట, చిల్లుపడ్డ చేట, కాళ్ళూడిన కుర్చీ - ఇవన్నీ ఆ యేటి భోగిమంటకు నైవేద్యం. ఈసారి ఆ సామాను వెనకనుంచి ఒక పాత బిస్కట్ల డబ్బా చేతికి తగిలింది. మూత తీసి చూశాను. చప్పున కిందికి దిగి మంచం మీద కూలబడ్డాను.

"ఏమిటండీ అది? పామా?" అంది మా ఆవిడ.

పామైనా కొంత నయంగా వుండేది.

అందులో వున్నవి క్రికెట్టు ఆటగాళ్ళ బొమ్మలు. 1987లో ప్రపంచ కప్పు పోటీలు మన దేశంలోనూ పాకిస్తాన్‌లోనూ జరిగాయి. ఆ రోజుల్లో పిల్లలు బబుల్ గమ్ము కొనుక్కుని, గమ్ము నమిలేసి, దాంతోపాటు వచ్చే బొమ్మని ప్రాణంలా దాచుకునేవారు. మా పెద్దవాడికి అప్పుడు పదేళ్ళు. వాడి నిక్కరు జేబులో అవే, తలగడ కింద అవే, చివరికి లెక్కల పుస్తకంలోనూ అవే. దాని ఫలితం అర్ధసంవత్సర పరీక్షల్లో కనిపించింది. లెక్కల్లో నూటికి పంతొమ్మిది మార్కులు! నాకు ఒళ్ళు మండిపోయింది. డబ్బా లాక్కున్నాను. తెల్లవారితే భోగి. "నీ బొమ్మలన్నీ మంటలో వేసేశాను, పో" అన్నాను.

వాడు ఏడవలేదు. మంట దగ్గిరికి వెళ్ళి, అది ఆరిపోయేదాకా చూస్తూ నిలబడ్డాడు.

నిజానికి నేను డబ్బాను అటక మీదికి విసిరాను. వేసవి సెలవుల్లో తీసియిద్దామనుకున్నాను, మరిచిపోయాను. వాడూ మళ్ళీ అడగలేదు. ఇప్పుడు వాడు అమెరికాలో, న్యూజెర్సీలో వుద్యోగం చేసుకుంటున్నాడు. వాడికీ పదేళ్ళ కొడుకున్నాడు.

"వాడికి ఫోను చేసి చెప్పెయ్యండి" అంది మా ఆవిడ. అంత సులువైతే యింకేం! ముందు పక్కింటి కుర్రాణ్ణి పిలిచి డబ్బా చూపించాను. "ఇలాంటివాటికి యేమన్నా విలువ వుంటుందా, నాయనా?" అని అడిగాను. వాడు కళ్ళింత చేసుకుని, "తాతగారూ! అమెరికాలో ఇలాంటి అట్టముక్క ఒకటి వంద కోట్లకు అమ్ముడుపోయింది తెలుసా?" అన్నాడు. నా గుండె ఒక్క క్షణం ఆగి మళ్ళీ కొట్టుకుంది. ఆ తరవాత నాలుగు రోజులపాటు అదే పనిగా కూర్చుని ఆ అట్టముక్కల పురాణమంతా చదివాను. చదివినకొద్దీ నా డబ్బా సంగతి అటుంచి, మనిషి సంగతి తెలుస్తున్నట్టనిపించింది. అదే మీకు మనవి చేస్తున్నాను.

బేస్‌బాల్ అనేది అమెరికావారి ఆట. మన క్రికెట్టుకు పినతల్లి కొడుకు వరస. 1880 ప్రాంతాల్లో అక్కడి సిగరెట్లు పల్చని కాగితపు పెట్టెల్లో వచ్చేవి. జేబులో పెట్టుకుంటే పెట్టెతోపాటు సిగరెట్టూ నలిగిపోయేది. అందుకని పెట్టెకు బలంగా వుంటుందని లోపల ఒక అట్టముక్క పెట్టారు. ఉత్త అట్ట యెందుకని దానిమీద బొమ్మ వేశారు. 1887లో ఆలెన్ అండ్ గింటర్ అనే సిగరెట్టు కంపెనీవారు 50 మంది క్రీడాకారుల బొమ్మలు వరసగా వేస్తే, అందులో పదిమంది బేస్‌బాల్ ఆటగాళ్ళు. నాన్న సిగరెట్టు కాల్చేవాడు, కొడుకు బొమ్మ దాచుకునేవాడు. మన వూళ్ళలో పిల్లలు అగ్గిపెట్టె బొమ్మలూ, సిగరెట్టు పెట్టెల అట్టలూ యేరుకున్నట్టే.

1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన బొమ్మల్లో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి బొమ్మ వుంది. కొద్దిగా బయటికి వచ్చీరాగానే దాన్ని ఆపేశారు. తన బొమ్మకోసం పిల్లలు పొగాకు కొనడం ఆయనకిష్టం లేదని కొందరూ, తనకు ప్రతిఫలం యివ్వలేదని ఆయన వొప్పుకోలేదని కొందరూ అంటారు. ఏమైతేనేం, ఇప్పటికి బయటపడిన వాగ్నర్ బొమ్మలు వందకు లోపే. కనుక దానికి లేని గిరాకీ లేదు.

సిగరెట్టు పోయి గమ్ము వచ్చింది. 1933లో గౌడీ అనే గమ్ము కంపెనీవారు ఒక సెంటుకి ఒక గమ్ము ముక్కా ఒక బొమ్మా యిచ్చారు. ఆ వ్యాపారస్తుల తెలివి చిత్తగించండి. బొమ్మలకు వరస నెంబర్లు వేశారు గాని, 106వ నెంబరు బొమ్మ అసలు అచ్చే వెయ్యలేదు! పాపం, పిల్లలు 105 దొరికింది, 107 దొరికింది, 106 రేపు దొరుకుతుందని గమ్ము కొంటూనే వున్నారు. చివరికి మోసం పసిగట్టి ఉత్తరాలు రాస్తే, మరుసటి యేడు 1934లో నెపోలియన్ లాజోయ్ అనే పాత ఆటగాడి బొమ్మ అచ్చువేసి, ఉత్తరాలు రాసినవారికి పంపించారు.

ఇక రెండో ప్రపంచయుద్ధం తరవాత టాప్స్ కంపెనీ రంగంలోకి దిగింది. అందులో పనిచేసే సై బెర్జర్ అనే ఆయన, 1951లో తన తోటివాడితో కలిసి వంటింటి బల్ల మీద కూర్చుని మరుసటి యేటి బొమ్మల నమూనా తయారుచేశాడు. ముందుపక్క రంగుల బొమ్మ, వెనకపక్క ఆటగాడి పుట్టుపూర్వోత్తరాలూ లెక్కలూ. 1952లో మొత్తం 407 బొమ్మలు విడతలు విడతలుగా వచ్చాయి. ఆఖరి విడత 311వ నెంబరుతో మొదలవుతుంది. ఆ మొదటి బొమ్మే మికీ మాంటిల్ అనే కుర్ర ఆటగాడిది. కాని ఆ విడత అంగళ్ళకు చేరేసరికి ఆటల రుతువు ముగుస్తోంది. పిల్లల మనసు ఫుట్‌బాల్ మీదికి మళ్ళింది. పెట్టెలకు పెట్టెలు గోదాములో మూలిగాయి. ఎనిమిదేళ్ళు చూసి, 1960లో బెర్జర్ ఆ పెట్టెల్ని చెత్త మోసే పడవకెక్కించి, న్యూజెర్సీ తీరం దాటించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించాడట. ఈ సంగతి ఆయనే తరవాత చెప్పుకున్నాడు.

అమ్ముడుపోయినవాటి గతి మాత్రం యేం బాగుంది? పిల్లలు వాటిని గోడకేసి విసిరి పందేలాడేవారు. సైకిలు చక్రం పుల్లల మధ్య బిగించి, టపటప శబ్దం వస్తుంటే మోటారుసైకిలని మురిసేవారు. కొడుకు పెద్ద చదువుకో సైన్యంలోకో వెళ్ళగానే తల్లి గది వూడ్చి, బొమ్మల డబ్బా చెత్తకుండీలో వేసేది. ఆ దేశంలో భోగిమంట లేదు గాని, తల్లులు వున్నారు.

ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. చేతిలో డబ్బు ఆడింది. 1970లు, 80లు వచ్చేసరికి తమ చిన్నతనాన్ని వెల యిచ్చి కొనుక్కోవాలని బయల్దేరారు. కాని సరుకేదీ? సముద్రంలో పోయింది కొంత, చెత్తకుండీలో పోయింది కొంత. లేనిదానికే గదా విలువ! ధరలు ఆకాశానికి యెగిశాయి. 1991లో వేన్ గ్రెట్స్కీ అనే మంచు హాకీ వీరుడు, మరో భాగస్వామితో కలిసి ఒక వాగ్నర్ బొమ్మను 4,51,000 డాలర్లకు కొన్నాడు. పత్రికలన్నీ రాశాయి. దేశమంతా గగ్గోలు.

సరిగ్గా యిక్కడే కథ అడ్డం తిరిగింది. తల్లులు కూడా మేలుకున్నారు! ఇక యే యింట్లోనూ యే బొమ్మా పారెయ్యలేదు. కొడుకు కాలేజీ చదువు ఖర్చులకు పనికొస్తాయని తండ్రులు పెట్టెలకు పెట్టెలు కొని, సీలు విప్పకుండా అటకెక్కించారు. అంతకు ముందు బేస్‌బాల్ బొమ్మల వ్యాపారం చాలాకాలం టాప్స్‌వారి గుత్తసొత్తుగా వుండేది. కోర్టు తీర్పు వల్ల 1981లో ఫ్లీర్, డాన్రస్ కంపెనీలు కూడా దిగాయి. 1989లో అప్పర్ డెక్ కంపెనీ మంచి దళసరి కాగితం మీద, దొంగ నకళ్ళు చెయ్యకుండా మెరిసే ముద్రవేసి, ఖరీదైన బొమ్మలు తెచ్చింది. అందరూ పోటీలు పడి అచ్చువేశారు. 1991 ప్రాంతంలో యేడాది అమ్మకాలు వంద కోట్ల డాలర్లు దాటాయి. ఒక్కొక్క బొమ్మ లక్షల ప్రతులు!

ఆ రోజుల్లోనే ఒక చిన్న విశేషం జరిగింది. గమ్ము మరకలు బొమ్మలకంటి వాటి ధర పడిపోతున్నదని కొనేవారు గోలపెడితే, టాప్స్‌వారు ప్యాకెట్టులోంచి గమ్మును తీసేశారు. గమ్ముకోసం పుట్టిన బొమ్మ, గమ్మునే వెళ్ళగొట్టింది. పిల్లవాడికి నోట్లో వేసుకునేది పోయింది. మిగిలింది పెద్దవాళ్ళ వ్యాపారం.

మంది యెక్కువైతే మజ్జిగ పలచన అన్నారు మనవాళ్ళు. అందరూ దాచినదానికి వెల యెవరిస్తారు? 1994 ఆగస్టులో బేస్‌బాల్ ఆటగాళ్ళు సమ్మె కట్టారు. ఆ యేడు ప్రపంచ సిరీస్ పోటీలే రద్దయ్యాయి. జనానికి ఆట మీదే మనసు విరిగింది. బొమ్మల అంగళ్ళు ఒకటొకటిగా మూతపడ్డాయి. కాలేజీ చదువుకని దాచిన పెట్టెలు అమ్మబోతే కొన్నప్పటి ధర కూడా రాలేదు. అప్పట్లో ఆ ప్యాకెట్లు మైనపు కాగితంలో చుట్టి వచ్చేవి. అందుచేత ఆ కాలానికి 'చెత్త మైనపు యుగం' అని పేరు పెట్టుకుని నవ్వుకున్నారు, యేడుపు ఆపుకోలేక.

గ్రెట్స్కీ కొన్న ఆ వాగ్నర్ బొమ్మ సంగతి కూడా వినండి. చేతులు మారి మారి అది 2007లో 28 లక్షల డాలర్లు పలికింది. దాని అంచులంత చక్కగా, పదునుగా మరే వాగ్నర్ బొమ్మకూ లేవు. ఎలా వుంటాయి? మొదట్లో దాన్ని అమ్మిన వ్యాపారి, అంచులు తానే కత్తిరించానని 2013లో కోర్టులో వొప్పుకున్నాడు!

మరి వంద కోట్ల మాటేమిటంటారా? అదీ నిజమే. 2020లో కరోనా వచ్చి జనం యిళ్ళల్లో కూర్చున్నప్పుడు పాత పిచ్చి మళ్ళీ తలకెక్కింది. 2021లో ఒక పెద్ద దుకాణాలవారు బొమ్మల కోసం కొట్లాటలు జరుగుతున్నాయని తమ అంగళ్ళలో అమ్మకమే కొంతకాలం ఆపేశారు. 2022 ఆగస్టులో, సముద్రంలో పడకుండా తప్పించుకున్న ఒక మికీ మాంటిల్ బొమ్మ 1 కోటి 26 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో సుమారు వంద కోట్ల రూపాయలు. కాని అది యెవరూ ముట్టుకోని బొమ్మ. నాలుగు మూలలూ చెక్కు చెదరనిది. అంటే యే పిల్లవాడూ దానితో ఒక్కరోజైనా సరిగా ఆడుకోలేదన్నమాట! పిల్లవాడు ముద్దుచేసిన బొమ్మకు మూలలు మెత్తబడతాయి. మెత్తబడితే ధర లేదు. ఇదెక్కడి లెక్కో నాకు అర్థం కాలేదు.

నాకు అర్థమైన మనిషి ఒక్కడే కనిపించాడు. జెఫర్సన్ బర్డిక్ అని, సిరక్యూస్ పట్టణంలో కరెంటు సామాన్ల కర్మాగారంలో పనిచేసిన సామాన్యుడు. కీళ్ళవాతంతో చేతులు వంకర్లు పోయిన రోగి. జీవితమంతా యిలాంటి అచ్చుబొమ్మలు మూడు లక్షలకు పైగా పోగుచేశాడు. అందులో బేస్‌బాల్ బొమ్మలే ముప్పైవేలు పైచిలుకు. దేన్నీ అమ్మలేదు. అన్నీ న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి యిచ్చేశాడు. ఇచ్చి వూరుకోక, తానే యేళ్ళ తరబడి అక్కడ కూర్చుని ఆ వంకర చేతులతో ఒక్కొక్క బొమ్మనూ జిగురు రాసి పుస్తకాల్లో అంటించాడు. 1963 జనవరిలో ఆ పని పూర్తయింది. మార్చిలో ఆయన కన్నుమూశాడు. జిగురు రాస్తే బొమ్మ ధర పోతుందని వ్యాపారులు నెత్తీ నోరూ కొట్టుకుంటారు. ఆయనకు ధరతో పని లేదు. బొమ్మ వుండాలి, నలుగురూ చూడాలి. అంతే.

ఇదంతా చదివాక నాకు కాస్త ధైర్యం వచ్చి, ఆదివారం పొద్దున్నే మావాడికి ఫోను చేశాను. ఆనాటి అబద్ధం వొప్పుకున్నాను. నా గొంతు వణికిందని మా ఆవిడ తరవాత చెప్పింది. అవతల కాసేపు మాట లేదు. తరవాత మెల్లిగా అడిగాడు:

"కపిల్‌దేవ్ వుందా నాన్నగారూ? ఒక మూల విరిగి వుంటుంది. దాని వెనకాల పెన్సిలుతో ఏదో రాసి వుంటుంది చూడండి."

వెతికాను. వుంది. వెనకాల పెన్సిలు అక్షరాలు చెరిగీ చెరగకుండా వున్నాయి: 'నాన్నకి పుట్టినరోజుకి'.

నా పుట్టినరోజు ఫిబ్రవరిలో. ఆ యేడు భోగి దానికన్న ముందు వచ్చింది.

"ఇక్కడికి పోస్టులో పంపకండి. పోస్టు ఖర్చుకు కూడా చాలవు అవి" అని నవ్వాడు మావాడు. "వేసవికి వస్తున్నాం. పిల్లాడికి మీరే చూపించండి. వాణ్ణి ఆడుకోనివ్వండి."

ఈ సంవత్సరం భోగిమంటలో విరిగిన పీటా, చిల్లుల చేటా వేశాం. డబ్బా బీరువాలో, మా ఆవిడ పట్టుచీరల పక్కన పెట్టాం. కపిల్‌దేవ్ బొమ్మ మాత్రం అందులో లేదు. అది నాది గనక నా జేబులో వుంది.