గృహక్షేమము: మంచుదేశపు వాకిలి



తెల్లవాఱక మునుపే లేచి, వాకిలి యూడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టుట మన ఓరుగల్లు గృహిణులకు తల్లులనుండి వచ్చిన యలవాటు. హనుమకొండలోనైనను, మట్టెవాడలోనైనను వాకిలి జూచియే యిల్లాలి నేర్పు తెలిసికొందురు. 1959లో మన నగరమున ఇంజనీరింగు కళాశాలయు, కాకతీయ వైద్య కళాశాలయు వెలసిన తరువాత ఎందఱో బిడ్డలు ఇచట చదువుకొని అమెరికా, కెనడాలకు పోయి స్థిరపడిరి. వారి యింటి పురుళ్లకును, మనుమలను సాకుటకును తల్లులును పోవుచున్నారు. అట్లు శీతకాలమున పోవు తల్లుల కొఱకు ఈ నెల వాకిటి మంచును గూర్చి వ్రాయుచున్నాము.

ముందుగా మా తప్పు చెప్పుకొందుము. కొన్నేండ్ల క్రిందట న్యూజెర్సీలో మా కుమార్తె యింట నున్నప్పుడు, మెట్లపై పేరిన మంచును జూచి, అందఱును నిద్ర లేవకముందే రెండు బకెట్ల వేడినీరు పోసితిమి. మంచు కరగినది, మేమును సంతోషించితిమి. కొంతసేపటికే ఆ నీరు అద్దమువలె గడ్డకట్టినది. ఆఫీసునకు బయలుదేఱిన అల్లుడుగారు జాఱిపడి మణికట్టు విఱుగగొట్టుకొనిరి. వారు మమ్ము ఒక్క మాటయు ననలేదు. అదియే మాకు మఱింత బాధ. ఇచట వాకిటికి శోభనిచ్చు నీరే యచట వాకిటికి శత్రువని నాడు తెలిసినది.

కావున మొదటి నియమము: నీరు పోయక, మంచును పొడిగా నుండగనే తీయవలెను. పడుట యాగువఱకు వేచియుండక, రెండు మూడంగుళములు పేరినప్పుడెల్ల నెట్టివేసినచో పని తేలిక. కాళ్లు త్రొక్కి, బండ్లు నడచి గట్టిపడిన పిదప అది రాయి యగును. తీసిన తరువాత మెట్లపై ఉప్పు పలుచగా చల్లవలెను. ఉప్పు కలిసిన నీరు సున్న డిగ్రీలవద్ద గడ్డకట్టదు. చలి సున్నకు దిగువ 9 డిగ్రీలు దాటినచో సాధారణపు టుప్పు అంతగా పనిచేయదు. కాల్షియం క్లోరైడు అంతకంటె హెచ్చు చలిలోను పనిచేయును. ఏదియు లేనిచో ఇసుక చల్లినను కాలికి పట్టు దొరకును. ఉప్పు మొక్కల వేళ్లకు కీడు గాన పాదులలో పడనీయరాదు.

రెండవది బరువు. మంచు దూదివలె కనుపించును. కాని 10 అంగుళముల పొడిమంచు కరగిన సుమారు ఒక అంగుళము నీరగును. 40 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల కారుదారిపై 6 అంగుళముల మంచు పడినదనుకొందము. దాని బరువు సుమారు 560 కిలోలు. అనగా మన ఎనుమాముల మార్కెట్టులో 40 కిలోల మిర్చి బస్తాలు పదునాలుగు మోసినట్లు. తడిమంచు ఇంకను బరువు. చలిలో రక్తనాళములు ముడుచుకొనును, రక్తపుపోటు హెచ్చును, చేతులతో బరువెత్తుటచే గుండెకు శ్రమ రెట్టింపగును. మంచు తీయుచు గుండెపోటు వచ్చినవారు అచట ఏటేట కలరు. కావున గుండెజబ్బు, రక్తపుపోటు గలవారును, ఏండ్లు మీఱినవారును పార పట్టరాదు. ఆరోగ్యవంతులును మంచును ఎత్తిపోయక నెట్టవలెను. ఎత్తక తప్పనప్పుడు మోకాళ్లు వంచి, కొద్దికొద్దిగా నెత్తి, ఊపిరి బిగబట్టక, నడుమ నడుమ లోనికి వచ్చి విశ్రమింపవలెను. ఎదలో బరువు, దవడకో చేతికో ప్రాకు నొప్పి, చెమట, ఆయాసము తోచినచో తక్షణమే పని మాని 911కు ఫోను చేయవలెను.

మూడవది కారు. రాత్రి పడిన మంచు కారు పొగగొట్టమును మూసివేయును. దానిని తొలగింపక ఇంజను నడిపినచో కార్బన్ మోనాక్సైడు కారులోనికి చేరును. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించువారి ప్రాణము తీయునదియు నీ వాయువే. తలుపు తెఱచియున్నను గ్యారేజిలో కారు నడుపుచు వేడిచేయరాదు.

ఇక ఇంటి ముందరి కాలిబాట. దానిని శుభ్రపఱచుట పెక్కు నగరములలో మర్యాద మాత్రమే కాదు, శాసనము. న్యూయార్కు నగరమున ఉదయము 7 గంటలకును సాయంకాలము 5 గంటలకును నడుమ మంచు ఆగినచో, 4 గంటలలోపల ఇంటివారే కాలిబాటను తీర్చవలెను. తీసిన మంచును వీధిలోనికి నెట్టరాదు. ఇది మనకు క్రొత్త ధర్మము కాదు. వానకాలమున పాచి పట్టిన మన వాకిటి బండలపై జాఱి తుంటి విఱుగగొట్టుకొను వృద్ధులు ఇచటను లేరా? పాచిని గీకి తీయుటయు, మంచును తీయుటయు ఒక్క కర్తవ్యమే.

కడపట ఒక మనవి. పిల్లలు ఆఫీసులకు పోయిన పిమ్మట, "ఇంతమాత్రము పని చేయలేనా?" యని మన ఇంటి పెద్దవారు పార పట్టుదురు. కొడుకునకు భారము కారాదను అభిమానము వారిది. ఆ పార వారి చేతినుండి తీసికొనుటకు మొగమాటపడకుడు. కూలి యిచ్చినచో మంచు తీయువారు అచట దొరకుదురు. మీరును తెల్లవాఱుజామున ఒంటరిగా మెట్లు దిగక, ఇల్లు మేల్కొనువఱకు ఓపిక పట్టుడు. వాకిలి ఒక గంట ఆలస్యమైన నష్టము లేదు.