గుండె కొట్టుకుంటుండగా మరణమా?

లారీ ఢీకొని తలకు దెబ్బ తగిలిన యువకుణ్ణి పల్లె నుంచి పట్టణం ఆసుపత్రికి తరలిస్తారు. రెండు రోజులు గడిచాక 'బ్రెయిన్ డెడ్' అంటారు డాక్టర్లు. ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. వెంటిలేటర్ మీద ఛాతీ లేచి పడుతుంటుంది. ఏ తల్లి నమ్ముతుంది? అవయవాల కోసమే ఈ మాట అంటున్నారేమోనన్న అనుమానం పుడుతుంది. దాన్ని పల్లెవాసుల అజ్ఞానమని కొట్టిపారేయడం న్యాయం కాదు. వివరించి చెప్పేవారు లేకపోవడమే అసలు లోపం. పత్రికలు వాడే 'జీవన్మృతుడు' అన్న మాట కూడా తికమక పెంచుతోంది. అతడు సగం బతికినవాడు కాడు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దీన్ని మరణంగానే గుర్తించింది.

మెదడు అడుగున బొటనవేలంత కాండం ఉంటుంది. ఊపిరి తీయమని ఆజ్ఞ ఇచ్చేది అదే. అది పూర్తిగా చచ్చిపోతే తిరిగి రాదు. గుండెకు సొంతంగా కొట్టుకునే గుణం ఉంది గనుక, యంత్రం గాలి అందిస్తున్నంత కాలం కొన్ని గంటలో, రోజులో ఆడుతుంది. కోమా సంగతి వేరు. అందులో కాండం పూర్తిగా చావదు, కొందరు కోలుకుంటారు.

రైతు కుటుంబాలు ముఖ్యంగా తెలుసుకోవలసింది ఒకటుంది. కట్లపాము కరిచిన మనిషి ఒక్కోసారి రెప్ప కూడా కదపలేడు, ఊపిరి ఆగుతుంది. చూడటానికి అచ్చం మెదడు చచ్చినట్లే. కాని వెంటిలేటర్‌పై ఉంచి వైద్యం చేస్తే లేచి కూర్చున్నవారున్నారు. పురుగుమందు తాగినవారు, నిద్రమాత్రలు మింగినవారు, ఒళ్లు బాగా చల్లబడినవారు కూడా ఈ కోవలోకే వస్తారు. ఇవేవీ కావని తేలాకే పరీక్షలు మొదలుపెట్టాలి. పరువు కోసం మందు తాగిన సంగతి దాచేవారున్నారు. డాక్టరు దగ్గర అది దాచరాదు.

పరీక్షలో కంట్లో టార్చి వేస్తారు. కనుగుడ్డును దూదితో తాకుతారు. చెవిలో ఐసునీళ్లు పోస్తారు. కనుబొమ దగ్గర గట్టిగా నొక్కుతారు. గొంతులోకి గొట్టం పోనిచ్చి దగ్గు వస్తుందేమో చూస్తారు. దేనికీ స్పందన ఉండరాదు. ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యం. ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్‌ను తప్పిస్తారు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. ఊపిరి బిగబట్టినవాడు వద్దనుకున్నా గాలి పీల్చేది ఆ వాయువు వల్లనే. దాని ఒత్తిడి 60 మిల్లీమీటర్లు దాటినా ఛాతీ కదలకుంటే కాండం పోయినట్లే.

కనీసం 6 గంటల తర్వాత ఇవన్నీ మళ్లీ చేయాలి. ఆసుపత్రి బాధ్యుడైన డాక్టరు, చికిత్స చేసిన డాక్టరు, నరాల నిపుణుడు, ప్రభుత్వం ఆమోదించిన జాబితాలోని మరో నిపుణుడు, నలుగురూ సంతకం పెట్టాలి. ఆ తర్వాత కూడా చేయో, వేలో కదలవచ్చు. అది వెన్నుపాము చేసే పని. ఈ సంగతి ముందే చెప్పకపోతే వార్డులో గొడవ జరగడం ఖాయం.

ఆ 6 గంటల వ్యవధిని ఆసుపత్రులు వృథా చేయరాదు. ఇంటివారిని కూర్చోబెట్టి తెలుగులో చెప్పాలి. గుండె నిబ్బరం గల ఒకరిని రెండో పరీక్ష దగ్గర నిలబెట్టి, యంత్రం తప్పించాక ఛాతీ కదలకపోవడం కళ్లారా చూడనివ్వాలి. అవయవదానం మాట అంతా తేలాకే ఎత్తడం మర్యాద. వద్దనే హక్కు కుటుంబానికి ఉన్నదని కూడా అప్పుడే చెప్పాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అవయవదానాన్ని చూస్తున్న 'జీవన్‌దాన్' వారు ఈ పరీక్షల వివరాలతో ఒక పేజీ తెలుగు కరపత్రం అచ్చువేసి, అత్యవసర వార్డు ఉన్న ప్రతి ఆసుపత్రికీ పంపితే ఖర్చు ఏపాటిది?