వల ముందు, మాను వెనుక



విజయనగరములో సేవకుల కూడికకు వెళ్ళినప్పుడే అక్కడ పైడితల్లమ్మ సిరిమాను పండుగ వచ్చినది. విజయదశమి తరువాతి మంగళవారమున ఇది జరుగుతుంది. పాస్టరుకు అక్కడేమి పని అని కూడికలో ఒకరిద్దరు గొణిగారు. పొరుగువారి పండుగను ఒక అరుగు మీద నిలబడి చూచుటకు భయమెందుకో నాకు బోధపడలేదు.

ఊరివారు చెప్పుకొను కథ ఇది. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధము జరిగినది. యుద్ధము వద్దని అన్నగారైన విజయరామరాజును బ్రతిమాలిన పైడిమాంబ, ఆయన మరణవార్త విని పెద్దచెరువులో కలిసిపోయినదట. తరువాత పతివాడ అప్పలనాయుడు అను ఆయనకు కలలో కనబడి, తన విగ్రహము చెరువులో ఉన్నదని చెప్పినదట. కల వచ్చినది ఆయనకు. నీళ్ళలో దిగి వెదకి పైకి తీయుటకు సాయపడినవారు మాత్రము బెస్తవారు.

అందుకే నేటికిని ఊరేగింపులో బెస్తవారి వల సాగుతుంది. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథము కూడ ఉంటాయి. వెనుక సిరిమాను. పెద్ద చింతమాను అది. దాని కొనన కట్టిన పీట మీద పూజారి కూర్చుంటాడు. గుడికి, కోటకు నడుమ మూడుసార్లు తిరుగుతుంది. జనము అరటిపండ్లు విసురుతారు. అందరి కళ్ళు పైన మానుకొన మీదనే! నేను ముందున్న వలనే చూచాను. చెమటలో తడిసిన మనుష్యులు దానిని పట్టుకొని నడుస్తున్నారు. రాజవంశీకులు కోట బురుజు మీదనుండి చూస్తుంటే, దినము చేపలమ్మి బ్రతుకువారి వల వారి యెదుట నడచుట సామాన్యమైన మాట కాదు.

ఒక పెద్దాయన ప్రసాదమివ్వబోగా చేతులు జోడించి వద్దన్నాను. ఆయన నొచ్చుకోలేదు, పక్కకు జరిగి నీడలో చోటిచ్చాడు.

ఇది ఎందుకు వ్రాస్తున్నానంటే, మాచర్ల అవతల సాగర్ జలాశయము ఒడ్డున ఉత్తరాంధ్రనుండి వలస వచ్చి చేపలు పట్టుకొను కుటుంబములున్నవి. వారిలో ఒక విశ్వాసురాలు నన్ను అడిగినది: “అయ్యగారూ, మా తాతల వల సిరిమాను ముందు నడిచేదని పిల్లలకు చెప్పొచ్చా? చెబితే పాపమా?”

చెప్పమ్మా అన్నాను. మనము ఆ విగ్రహమునకు మ్రొక్కము, నిజమే. కాని మీ తాతలు నీటిలో దిగిన సంగతి మీ పిల్లలది. పేతురు వల విడిచి ప్రభువును వెంబడించాడు. అయినను యోహాను సువార్త 21వ అధ్యాయములో ఆ వల మరల కనబడుతుంది, 153 చేపలతో, పిగలకుండ.