కెమెరా బిగిస్తే అయిపోలే, ఎప్పుడు మొత్తుకోవాల్నో దానికి చెప్పాలె

మన సురంగల్‌ల ఇయ్యాల ఏ బోరు కాడికి పోయినా, ఏ కొట్టం ముంగట నిలబడ్డా పైన ఒక తెల్ల కెమెరా కనబడ్తది. మంచిదే, నేను కూడా పెట్టుకున్న. అయితే ఈ పదిహేను రోజులల్ల ఎదురుపడ్డ ఆరుగురు రైతులను అడిగిన, "అన్నా, నీ కెమెరా అలారం మోగితే చూస్తవా?" అని. అయిదుగురిది ఒక్కటే మాట: "అది దినమంత మొత్తుకుంటనే ఉంటది, బంద్ పెట్టిన."

గీ ముచ్చట మీదనే రాస్తున్న. జర పెద్దగ ఉంటది, తీరికగ సదువుండ్రి.

నా మాట ముందుగాల్నే చెప్తా. అలారం బంద్ పెట్టిన కెమెరా కావలి కాయది. దొంగ ఎట్ల వచ్చిండు, ఎట్ల పోయిండు అని పొద్దుగాల లేచి చూసుకునే సినిమా అది. నాకు అదే అయింది. నిరుడు ఎండకాలం మా బోరు కాడ కేబుల్ వైరు కోసుకపోయిన్రు. రాత్రి రెండు దాటినంక ఇద్దరు మనుషులు, మొఖాలకు గుడ్డలు. కెమెరాల అంత పడ్డది. ఫోన్‌కు అలారం కూడా రావాల్సిందే, కని నేనే వారం కింద బంద్ పెట్టిన. ఎందుకంటే అంతకుముందు ఒక్క రాత్రిల నూటికి పైన సార్లు మోగింది. యాపకొమ్మ ఊగితే మోగుడు, కుక్క పోతే మోగుడు, బల్బు చుట్టు పురుగులు తిరిగితే మోగుడు. వైరు పాయె, మూడు దినాలు చామంతికి నీళ్లు పారలే. తప్పు కెమెరాది కాదు, నాది. డబ్బాలకెల్లి తీసి ఎట్ల వచ్చిందో అట్లనే బిగిచ్చిన.

ఇది ఎట్ల పని చేస్తదో తెలిస్తే సగం బాధ పోతది. కరెంటు వైరు మీద నడిచే కెమెరాలల్ల ఎక్కువ శాతం ఇంతకుముందటి బొమ్మను, ఇప్పటి బొమ్మను పోల్చి చూస్తయి. మధ్యల ఏమన్న మారితే కదలిక అనుకుంటయి. మబ్బు నీడ పడ్డా మారుడే, వాన పడ్డా మారుడే. అద్దం మీద సాలెపురుగు గూడు కట్టిందంటే రాత్రంత జాతరే. సోలార్ ప్లేటు, సిమ్ కార్డు మీద నడిచే బ్యాటరీ కెమెరాలు వేరే తీరు. అవి ఎక్కువగ వేడిని పట్టుకుంటయి. మనిషి ఒంటి వేడి ముంగటికెల్లి జరిగితే అప్పుడు నిద్రలేస్తయి. అందుకని రెండు సంగతులు యాదిల పెట్టుకోండ్రి. మే నెల ఎండల నేల, మనిషి ఒక్క తీరుగ కాగుతయి గనక పగటిపూట అది సరిగ పట్టుకోదు. ఇంకోటి, కెమెరా దిక్కు ఎదురుంగ నడిచి వచ్చేటోని కన్న, అడ్డంగ పోయేటోన్ని అది తొందరగ పడ్తది. అంటే తొవ్వకు ఎదురు పెట్టొద్దు, తొవ్వ అడ్డంగ కనబడేటట్టు పక్కకెల్లి పెట్టాలె. నేను పెట్టింది తొవ్వకు ఎదురుంగనే, చెప్పేటోడు లేక.

ఇగ బిగిచ్చుడు. ఎనిమిది నుంచి పది అడుగుల ఎత్తు, మూతి జర కిందికి. ఆకాశం ఎంత తక్కువ కనబడితే అంత మంచిది. పొద్దు పొడిచే దిక్కు, గూకే దిక్కు మూతి పెట్టొద్దు. బల్బు కెమెరా పక్కనే ఉంటే పురుగులన్ని అద్దం మీదికే వస్తయి. నేను బల్బును పది అడుగుల దూరం జరిపిన, సగం మోత తగ్గింది.

ఫోన్ యాప్‌ల చేసేది అసలు పని. మోషన్ డిటెక్షన్ అని ఉంటది, దాంట్ల జోన్ అని ఉంటది. వేలితోని గీత గీసి, ఇక్కడ కదిలితెనే చెప్పు అనాలె. నేను స్టార్టర్ డబ్బా, షెడ్డు తలుపు, గేటు, గీ మూడే గీసిన. చెట్టును బయట పెట్టిన. మనిషిని గుర్తుపట్టే ఆప్షన్ ఉంటే అది ఆన్ చేయండ్రి. అయితే అది ఆన్ చేసినంక అడవి పందులు వచ్చినా చెప్పది, అదీ తెలువాలె. పందులకు కంచె చూసుకోవాలె గని కెమెరాను నమ్ముకుంటే చేను పాయె. సెన్సిటివిటీ నడిమిట్ల పెట్టి, చీకటి పడ్డంక మన ఇంట్ల పిల్లగాన్ని ఆ తొవ్వల నడిపియ్యండ్రి. పట్టకపోతే ఒక మెట్టు పెంచుడు, పిల్లికి మోగితే ఒక మెట్టు తగ్గిచ్చుడు. గంట పని.

టైము కూడా పెట్టాలె. నేను రాత్రి పది నుంచి పొద్దుగాల అయిదు పెట్టి మొదట తప్పు చేసిన. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు పోయే దినం మూడింటికే మేమే తిరుగుతుంటిమి, మాకు మేమే దొంగలమయినం. ఇప్పుడు ఆ దినాలు మూడు వరకే.

మా నాయిన అంటడు, "కుక్కకు గీ సెట్టింగులు ఎవరు పెట్టిన్రు రా? ఎవరిని చూసి మొరగొద్దో దానికి తెల్వదా?" అని. జవాబు లేదు నా కాడ.

ఇంకో సంగతి, ఇది మోటర్ వైరు కన్న పెద్దది. ఒక దినం పక్క చేను వదిన వచ్చి, అరుగు మీద కూసోకుంటనే అడిగింది: "మేము బాయి కాడికి పోయే తొవ్వ మీ ఫోన్ల కనబడ్తదంట గద, నిజమేనా?" తీసి చూసిన. నిజమే. పూలు తెంపే ఆడోళ్లు కాలుమడుచుకోనీకి పోయే చాటు కూడా మూలకు కనబడ్తుంది. నేను ఏనాడు అటు చూడలే, అయినా తల ఎత్తబుద్ధి కాలే. అప్పటికప్పుడు నిచ్చెన వేసి మూతి తిప్పిన.

ఈడ చానమంది ఒక పొరపాటు పడ్తున్నరు. జోన్‌ల పెట్టకపోతే ఆ జాగ రికార్డు కాదనుకుంటున్నరు. కాదు. జోన్ అలారం కోసమే, బొమ్మ మొత్తం రికార్డు అయితనే ఉంటది. కనబడొద్దు అంటే ప్రైవసీ మాస్క్ అని వేరే ఉంటది, అది పెడితే ఆ జాగ నల్లగ అయితది. మీ కెమెరాల అది లేకపోతే మూతి తిప్పాలె. ఆడమనిషి చాటును తీసుడు, చూసుడు నేరం. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితల 77వ సెక్షన్ దాని గురించే. సెక్షన్ సంగతి పక్కకు పెట్టు, మనది ఒకరి గట్టు మీదికెల్లి ఒకరు నడిచే ఊరు. కూలికి వచ్చేటోళ్ల మీద పగలంత కెమెరా పెట్టి ఫోన్ల చూసుకుంట కూసునేటోళ్లను కూడా చూసిన. నాకైతే అది నచ్చది. వాళ్లు పనికి వచ్చిన్రు, దొంగతనానికి కాదు.

2013ల వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం వంద మంది గూడే దుకాణాలు, గుళ్లు, బడులల్ల కెమెరా తప్పనిసరి. మన బోరు కాడ అట్ల ఎవరూ పెట్టుమనలే, మనమే పెట్టుకున్నం. ఎటు చూడాల్నో కూడా మనమే చూసుకోవాలె.

పోలీస్ స్టేషన్‌కు పోయినోళ్లకు ఒక మాట. మెమరీ కార్డు నిండితే పాతయి చెరిపేసుకుంట పోతది. దొంగతనం తెలిసిన దినమే అసలు ఫైలు తీసి పెట్టుకోండ్రి. కెమెరాల తారీఖు, టైము సరిగ ఉన్నయో లేవో ఇయ్యాలనే చూసుకోండ్రి. నాది నలభై నిమిషాలు ఎనక నడుస్తుండె. పోలీసాయన మొదట అడిగిందే అది. రాత్రి అలారం మోగితే ఒక్కరే చేన్లకు ఉరకొద్దు. చుట్టుపక్కలోళ్లకు ఫోన్ చేసి, 100కు కొట్టి, అప్పుడు నలుగురు కలిసి పోవాలె. వైరు పోతే మల్ల కొనుక్కుంటం.

వచ్చే ఆదివారం పొద్దుగాల నేను ఊర్లనే ఉంటా. ఎవరికన్న జోన్ గీసుడు రాకపోతే ఫోన్ పట్టుకొని ఇంటికి రాండ్రి, చాయ్ తాగుకుంట చేద్దాం. పాస్‌వర్డ్ మాత్రం నాకు చెప్పొద్దు, మీరే కొట్టండ్రి. డబ్బాతో వచ్చిన పాస్‌వర్డే ఇంకా ఉంటే ముందుగాల అది మార్చుకొని రాండ్రి.