వినడం నేర్పకుండా ఫోను అప్పజెప్పొద్దు

హెల్ప్‌లైన్లలో వాలంటీర్లుగా పనిచేస్తామంటూ కాలేజీ అమ్మాయిలు ముందుకు రావడం సంతోషించాల్సిన విషయం. అయితే మన సంస్థలు వాళ్ళని రెండు రోజుల ఉపన్యాసాలతో ఫోను దగ్గర కూర్చోబెట్టడం నన్ను కలవరపెడుతోంది.

ఫోను చేసే స్త్రీకి పుట్టింటివాళ్ళు, ఇరుగుపొరుగు, ఒక్కోసారి పోలీసులు కూడా సర్దుకుపొమ్మనే చెప్పి ఉంటారు. మన విద్యార్థిని కూడా ఆ మాటలు వింటూ పెరిగిందే. "కాస్త ఓపిక పట్టండి" అని తనకి తెలియకుండానే అనేస్తుంది. శిక్షణలో ముందు వదిలించాల్సింది ఆ మాటని. తీర్పులు చెప్పకుండా వినాలి. ఇప్పుడు క్షేమంగా ఉన్నారా అని అడగాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి జంకకూడదు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఇల్లు వదలాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ఆమెదే.

వినడంతో పాటు చట్టం కూడా తెలియాలి. 2005 గృహహింస చట్టం ప్రకారం ఇల్లు ఎవరి పేరున ఉన్నా భార్యకి అందులో ఉండే హక్కుంది. రక్షణాధికారి ద్వారా గానీ, నేరుగా గానీ మెజిస్ట్రేటుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మొదటి విచారణ మామూలుగా 3 రోజుల్లో జరగాలి. 1987 న్యాయసేవల చట్టం కింద స్త్రీలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి.

విన్నది హాస్టల్ గదిలో కబురు కాకూడదు. అలాగని "ఎవరికీ చెప్పం" అని ముందే మాటివ్వకూడదు. 18 ఏళ్ళలోపు పిల్లలపై లైంగిక హింస జరిగితే తెలియజేయాల్సిందేనని 2012 పోక్సో చట్టం చెబుతోంది. ఈ సంగతి ఫోను చేసినవాళ్ళకి మొదట్లోనే చెప్పడం న్యాయం.

మరి ఈ విద్యార్థినుల మాటేమిటి? రోజంతా ఇతరుల దుఃఖం విన్న అమ్మాయి గోడు ఎవరు వింటారు? పక్కనే అనుభవమున్న కార్యకర్త ఉండాలి. బరువైన ఫోను తర్వాత మాట్లాడుకునే సమయం ఉండాలి. రాత్రిపూట ఒంటరిగా ఉంచకూడదు. దారిఖర్చులివ్వాలి, పరీక్షలకి సెలవివ్వాలి.

ఇంకో మాట. 2015లో కేంద్ర ప్రభుత్వం 181 హెల్ప్‌లైన్, సఖి కేంద్రాల పథకాలు ప్రారంభించింది. వాటిలో తగినంతమందిని జీతాలిచ్చి నియమించడం ప్రభుత్వాల బాధ్యత. విద్యార్థినుల ఉత్సాహాన్ని చూపించి ఆ బాధ్యత నుంచి తప్పుకోనివ్వకూడదు. స్త్రీల శ్రమ ఊరికే దొరుకుతుందన్న భావనని ఇళ్ళలో ప్రశ్నిస్తున్న మనం, మన ఆఫీసుల్లో దాన్నెలా ఒప్పుకుంటాం?

కొత్త వాలంటీర్లని పిలిచే ముందు ప్రతి సంస్థా ఈ షరతులు రాసుకుని, అమలు చేయగలమో లేదో చర్చించుకోవాలని కోరుతున్నాను.